వంతు: వాటా, వరుస – మధ్య గోదావరి డెల్టాలో ఉమ్మడి పనుల ప్రణాళికా చరిత్ర

వ్యాససంగ్రహం

పదిమంది కలిసి చేయవలసిన పనిలో ఎవరు ఎంత చేయాలి, ఎవరు ఎప్పుడు చేయాలి అన్నవి రెండు ప్రశ్నలు. నేటి ప్రాజెక్టు ప్రణాళికా సాఫ్ట్‌వేర్లు వీటిని రెండు వేర్వేరు గడులలో నింపుతాయి. తెలుగులో ఈ రెండింటికీ కలిపి ‘వంతు’ అనే ఒకే మాట ఉంది. రావులపాలెం ముఖద్వారంగా గల మధ్య గోదావరి డెల్టాలో ఆనకట్ట నిర్మాణం (1847–1852) మొదలుకొని నీటి వినియోగదారుల సంఘాల చట్టం (1997), కోనసీమ పంట విరామం (2011) వరకు ఉమ్మడి పనుల ప్రణాళిక నడిచిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నీటి వంతును, మనిషి వంతును వేర్వేరు చోట్ల నిర్ణయించడమే ఈ ప్రాంతపు సాగు ప్రణాళికలోని మౌలికమైన లోపమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వంతు, వాటా, వారబందీ, ఊడ్పులు, మధ్య డెల్టా, రావులపాలెం, పంట విరామం, ప్రణాళికా పరిభాష.

1. ఉపోద్ఘాతం

రాజమహేంద్రవరం వైపు నుండి వచ్చే జాతీయ రహదారి జొన్నాడ వద్ద గౌతమిని దాటి రావులపాలెంలో కోనసీమ నేలపై అడుగుపెడుతుంది. అక్కడి నుండి సిద్ధాంతం వద్ద వసిష్ఠను దాటి పశ్చిమానికి సాగిపోతుంది. ఈ రెండు పాయల నడుమనున్న భూభాగమే మధ్య డెల్టా. దీని సాగువిస్తీర్ణం సుమారు 2 లక్షల ఎకరాలు. బొబ్బర్లంక వద్ద తలతూము నుండి బయలుదేరిన ప్రధాన కాలువ లొల్ల లాకుల దగ్గర చీలి, శాఖలై, పిల్లకాలువలై, చివరకు బోదెలై పొలాలను చేరుతుంది. బయటివారికి రావులపాలెం అరటి గెలల మార్కెట్టుగా పరిచితం. నీటి దృష్టితో చూస్తే అది కాలువకు ఎగువనున్న ఊరు. ఇక్కడ నీరు వాడుకున్న తరువాతనే సముద్రతీరపు శివారు పొలానికి అందుతుంది. ఈ ఎగువ–దిగువల సంబంధమే ప్రస్తుత అంశానికి రావులపాలేన్ని తగిన కేంద్రంగా నిలుపుతున్నది.

కాలువలు, వ్యవసాయ కూలీల గురించి ఆర్థిక, చరిత్ర శాస్త్రజ్ఞుల పరిశోధనలు విస్తృతంగా వచ్చాయి. వాటిలో నీరు ఒక విషయంగా, శ్రమ మరొక విషయంగా కనిపిస్తాయి. పొలంలో మాత్రం ఇవి వేర్వేరు కావు. నీరు వచ్చిన రోజున మనిషి లేకపోయినా, మనిషి వచ్చిన రోజున నీరు లేకపోయినా నాటు పడదు. ఈ రెంటినీ కలిపి చూడడానికి ఆధునిక ప్రణాళికాశాస్త్రం ఒక చూపునిస్తే, తెలుగు మాట ఒకటి అంతకంటె సూక్ష్మమైన చూపునిస్తుంది. ఆ రెండు చూపులతో ఈ ప్రాంత చరిత్రను చదవడం ఈ వ్యాస లక్ష్యం.

2. ‘వంతు’ – ఒక మాట, రెండు లెక్కలు

‘ఆస్తిలో నాలుగో వంతు’ అన్నప్పుడు వంతు అంటే భాగం. ‘ఈరోజు నీళ్ళు పెట్టుకునే వంతు మాది’ అన్నప్పుడు వంతు అంటే వరుసలో వచ్చిన సమయం. ‘నా వంతు నేను చేశాను’ అన్నప్పుడు అది కర్తవ్యం. ‘వంతులకు పోవడం’ అన్నప్పుడు అదే మాట పోటీగా మారుతుంది. వాటా, వరుస, బాధ్యత, స్పర్ధ అనే నాలుగు అర్థాలూ ఒకే పదంలో ఒదిగి ఉండడం యాదృచ్ఛికమని తోసిపుచ్చవచ్చు. అయితే ఉమ్మడి పనిలో ఈ నాలుగూ ఒకదానివెంట ఒకటి రావడం అనుభవంలో ఉన్నదే. వాటా తేలకపోతే వరుస నిలవదు. వరుస తప్పితే బాధ్యత సడలుతుంది. బాధ్యత సడలిన చోట స్పర్ధ మొదలవుతుంది.

ఆధునిక ప్రణాళికా సాధనాల చరిత్ర ప్రధానంగా వరుసను పటంలో చూపే ప్రయత్నంగా మొదలైంది. పోలెండుకు చెందిన కరోల్ అడామియెత్స్కీ 1896లో, అమెరికాకు చెందిన హెన్రీ గాంట్ 1910ల దశకంలో పనులను కాలరేఖపై పట్టీలుగా చూపే పద్ధతులను రూపొందించారు. 1957లో డ్యుపాంట్, రెమింగ్టన్ రాండ్ సంస్థల కృషితో క్రిటికల్ పాత్ పద్ధతి, 1958లో అమెరికా నౌకాదళపు పొలారిస్ క్షిపణి కార్యక్రమంలో పెర్ట్ పద్ధతి వెలువడ్డాయి. ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో ఇవి చూపగలిగాయి. 1984లో మొదటి రూపంలో వచ్చిన మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ వంటి సాఫ్ట్‌వేర్లు ఈ పద్ధతులను సామాన్య కార్యాలయాల్లోకి తెచ్చాయి.

ఒకే పనిని పలువురికి పంచినప్పుడు ఈ సాఫ్ట్‌వేర్లు వాడే సూత్రం సరళమైనది: పని పరిమాణం = కాలం × వినియోగించిన మనుషుల వాటా. 80 గంటల పనిని రోజుకు 8 గంటల చొప్పున ఒకరు చేస్తే 10 రోజులు, ఇద్దరు పూర్తికాలం చేస్తే 5 రోజులు, ఇద్దరూ సగం సమయం చొప్పున ఇస్తే మళ్ళీ 10 రోజులు పడుతుంది. ఒకే వ్యక్తికి ఒకే రోజున రెండు పూర్తికాలపు పనులు పడితే, మోయలేని భారం పడినట్లు సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తుంది. అప్పుడు ఒక పనిని వెనక్కు జరపడమో, మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టడమో చేయాలి. ఈ సర్దుబాటునే ‘లెవెలింగ్’ అంటారు.

ఈ లెక్క తెలుగు నేలకు కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం (క్రీ.శ. 1369) చెరువు నిర్మాణానికి రోజూ వేయిమంది కూలీలు, రాళ్ళు తేవడానికి నూరు బండ్లు పనిచేశాయనీ, నిర్మాణానికి రెండేళ్ళు పట్టిందనీ నమోదు చేసింది. మనుషుల సంఖ్య, సాధనాల సంఖ్య, కాలం అనే మూడూ అందులో ఉన్నాయి. కట్టిన తరువాత చెరువును కాపాడే పనికి ‘దశబంధం’ పేరిట మాన్యాలిచ్చే సంప్రదాయం కూడా తెలుగు ప్రాంతంలో ఉండేది. అంటే నిర్మాణానికి ఒక ప్రణాళిక, నిర్వహణకు మరొక ఏర్పాటు ఉండేవి. గోదావరి డెల్టాలో ఈ రెండవదే జటిలమైన సమస్యగా పరిణమించింది.

3. ఋతువే గడువు: ఆనకట్ట నిర్మాణం

1830ల తొలినాళ్ళలో వచ్చిన నందననామ సంవత్సరపు కరువు, ఆ తరువాతి తుపానులు, జన నష్టం రాజమహేంద్రవరం జిల్లాను కుంగదీశాయి. 1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ జిల్లా దుస్థితిపై ఇచ్చిన నివేదిక, ఆ వెంటనే ఆర్థర్ కాటన్ సమర్పించిన ప్రతిపాదనల ఫలితంగా 1846లో అనుమతి లభించి, 1847లో ధవళేశ్వరం వద్ద పనులు ఆరంభమయ్యాయి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మొత్తం సుమారు 12 వేల అడుగుల పొడవున ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది.

ఈ నిర్మాణంలో గడువును విధించింది ప్రభుత్వం కంటె నది అనడం సమంజసం. జూలై నుండి అక్టోబరు వరకు వరద. నదీగర్భంలో పని చేయగలిగినది వరద తగ్గిన తరువాత, మళ్ళీ వరద వచ్చేలోపు మాత్రమే. ఆ నెలలలో ఎంత కట్టగలిగితే అంత. సగం కట్టి వదిలిన భాగం వరదకు నిలవాలి, లేదా కొట్టుకుపోవాలి. నాలుగు భాగాలుగా, లంకల మధ్య విడివిడిగా కట్టడం నది స్వభావం నిర్దేశించిన పద్ధతే అయినా, అది పనిని బృందాల మధ్య పంచడానికి కూడా వీలు కల్పించింది. 1848లో కాటన్ అనారోగ్యంతో సెలవుపై వెళ్ళగా కెప్టెన్ ఆర్ బాధ్యతలు స్వీకరించారు. 1850లో కాటన్ తిరిగి వచ్చేవరకు పని సాగుతూనే ఉంది. కూలీలను సమీకరించడంలో, వారిచేత పని చేయించడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్నను ఈ ప్రాంతం నేటికీ స్మరిస్తుంది. ఇంజనీరు మారినా ప్రణాళిక నిలవడానికి, మనుషులతో నేరుగా సంబంధం గల ఇటువంటి మధ్యస్థుల పాత్ర కీలకం.

మధ్య డెల్టాలో దీనికి మరింత స్పష్టమైన ఉదాహరణ గన్నవరం అక్విడక్టు. వైనతేయ పాయమీదుగా నగరం లంకకు నీరందించే ఈ కట్టడాన్ని లెఫ్టినెంట్ హేగ్ ఆధ్వర్యంలో 1851–52లో, 49 కమానులతో, ఒకే పనికాలంలో పూర్తిచేశారు. నదిలో నీరు పలచబడిన కొద్ది నెలలలోనే ఇంత పని జరగాలంటే పునాది, ఇటుక, సున్నం, తాపీ పనులు ఒకదాని కోసం మరొకటి ఆగకుండా అమరి ఉండాలి. క్రిటికల్ పాత్ అనే పేరు పుట్టడానికి నూరేళ్ళ ముందే ఆ ఆలోచన ఇక్కడ ఇటుకలలో కనిపిస్తుంది.

అయితే ఈ ప్రణాళికలో వంతుకు గల రెండు అర్థాలలో ఒకటే ఉంది. ఎవరు ఎప్పుడు ఏ పనికి రావాలో పైనుండి నిర్ణయమైంది. వచ్చినవారికి ఆ పని ఫలంలో వాటా లేదు. కూలి మాత్రమే ఉంది. నిర్మాణంవంటి తాత్కాలికమైన పనిలో ఇది చెల్లుతుంది. ఏటేటా చేయవలసిన నిర్వహణలో చెల్లదు.

4. నిర్బంధం నుండి సంఘం వరకు

నిర్వహణకు మనుషులను రప్పించే సమస్యకు వలసప్రభుత్వం చట్టంతో జవాబు చెప్పింది. 1858 నాటి మద్రాసు నిర్బంధ శ్రమ చట్టంలో ప్రస్తుతాంశానికి సంబంధించినవి రెండు నిబంధనలు. మొదటిది అత్యవసరానికి సంబంధించినది. చెరువు, నది, కాలువల గట్టు తెగే ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు పరిసర గ్రామాల్లోని శ్రామిక వర్గాలకు చెందిన దృఢకాయులను పనికి పిలిపించమని గ్రామపెద్దను అధికారి ఆదేశించవచ్చు. రెండవది ఆచారానికి సంబంధించినది. స్థానిక ఆచారం ప్రకారం నీటిపారుదల లేదా మురుగు పనులను గ్రామసమాజం ఉమ్మడి శ్రమతో చేసే చోట, తన భాగం శ్రమను తగిన కారణం లేకుండా ఇవ్వనివాడు ఆ శ్రమ విలువకు రెట్టింపు చెల్లించాలి. తమిళ ప్రాంతంలో ‘కుడిమరామత్తు’ పేరిట ప్రసిద్ధమైన ఆచారాన్నే ఈ నిబంధన రాజధాని అంతటికీ చట్టరూపంలో విస్తరించింది.

ఈ రెండు నిబంధనల మధ్య భేదం గమనించదగినది. ఆచార శ్రమలో బాధ్యత గ్రామసమాజానిది. గట్టు తెగే వేళ పిలుపు ‘శ్రామిక వర్గాల’కు మాత్రమే. ప్రమాదం అందరిదీ, గట్టుమీద నిలబడవలసినవారు కొందరే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద వరద 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కూడా గట్లపై ఇసుక బస్తాలు మోసినవారిలో శ్రమజీవులే అధికులు. ప్రణాళికలో పేర్లు ఎవరివి, పనిలో చేతులు ఎవరివి అనే ప్రశ్న ఆనాటి చట్టంలోనే ఉంది.

నిర్బంధం స్థానంలో సంఘాన్ని నిలిపిన చట్టం 1997లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలను, వాటిపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీలను, ప్రాజెక్టు కమిటీలను ఏర్పరచింది. అదే ఏడాది జూన్‌లో రాష్ట్రవ్యాప్తంగా పదివేలకు పైగా సంఘాలకు ఎన్నికలు జరిగాయి. విభజిత ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవల 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు జరిగాయి. ఈ చట్టం సంఘానికి నిర్దేశించిన విధులలో మొదటిది ప్రతి పంటకాలానికి వారబందీ పట్టిక తయారుచేసి అమలు జరపడం. రెండవది పంట చివర కాలువల నిర్వహణకు ప్రణాళిక వేసుకోవడం. అంటే రైతుసంఘాన్ని చట్టం ఒక ప్రణాళికాబృందంగా గుర్తించింది.

‘వారబందీ’ పంజాబు కాలువల నుండి వచ్చిన మాట. అక్కడ వారం రోజుల చక్రంలో, భూమి విస్తీర్ణాన్నిబట్టి ఒక్కొక్క రైతుకు నిర్ణీత గంటల నీరు ముందుగానే నిర్ణయమై ఉంటుంది. వాటా గంటలుగా, వరుస వారంలోని వేళగా మారి ఒకే పట్టికలో కలుస్తాయి. గోదావరి డెల్టా తీరు వేరు. సార్వాలో ఎడతెగని ప్రవాహం, పొలం నుండి పొలానికి పారే వరి సాగు ఇక్కడి పద్ధతి. అందువల్ల సమృద్ధి ఉన్నంతకాలం వరుస అవసరమే తలెత్తదు. దాళ్వాలో గోదావరి సహజ ప్రవాహం తగ్గి, సీలేరు నుండి వచ్చే నీటిపై ఆధారపడే రోజులలోనే వంతులవారీ విధానం తెరపైకి వస్తుంది. నీరు పల్లమెరుగునని సామెత. కాలువలో మాత్రం నీరు పల్లానికి చేరేలోపు ఎగువ తూమును దాటాలి. వాటా కాగితంపై అందరికీ సమానమే అయినా, వరుసలో ఎగువవాడు ఎప్పుడూ ముందుంటాడు. శివారు రైతుకు చివరి తడి అందుతుందా లేదా అన్నది పట్టికకంటె ఎగువ తూము దగ్గరి కట్టుబాటుపై ఆధారపడి ఉంటుంది.

5. రోజుల లెక్క: ఒక నమూనా

నీటి వంతుకూ, మనిషి వంతుకూ గల బంధాన్ని చూపడానికి పంట పంచాంగాన్ని లెక్కించి చూద్దాం. మారుటేరు పరిశోధన కేంద్రం నుండి 1982లో విడుదలైన స్వర్ణ (ఎం.టి.యు. 7029) వరి రకం పంటకాలం సుమారు 150 రోజులు. జూన్ 15న ఆకుమడి పోస్తే నవంబరు 12 నాటికి కోతకు వస్తుంది. కాలువ నీరు ఆలస్యమై జూలై 1న పోస్తే కోత నవంబరు 28కి జరుగుతుంది. 1996 నవంబరు 6న కోనసీమను ధ్వంసం చేసిన తుపాను ఈ తేదీల అర్థాన్ని ఇక్కడివారికి విప్పి చెప్పింది. ఇక దాళ్వాలో 120 రోజుల పంటకాలం గల ఎం.టి.యు. 1010 – దీని వ్యవహారనామం ‘కాటన్‌దొర సన్నాలు’ – డిసెంబరు 1న పోస్తే మార్చి 31కి పండుతుంది. ఆ తరువాత మరమ్మతుల కోసం కాలువలు కట్టివేస్తారు. మార్చి 31కి, కాలువల కట్టివేతకు నడుమ మిగిలే రోజులు స్వల్పం. సార్వా కోత నవంబరు చివరకు జరిగితే దాళ్వా ఆకుమడి పనులూ, సార్వా కోతలూ ఒకే వారంలో పడి అవే చేతులను కోరుతాయి. ఏడాది మొత్తంలో వెసులుబాటు పది పదిహేను రోజులకు మించదు.

ఇప్పుడు ఒక బోదె కింద 60 ఎకరాలున్నాయనీ, ఒక ఊడ్పు ముఠా రోజుకు 2 ఎకరాలు నాటగలదనీ అనుకుందాం. అంతా నాటడానికి 30 రోజులు కావాలి. నారు 25–30 రోజుల వయసులో నాటాలి. అందరూ ఒకే రోజున ఆకుమడి పోసి, 25వ రోజున ఊడ్పులు మొదలుపెడితే, వరుసలో చివరనున్న రైతు నాటే నారు వయసు 50 రోజులు దాటుతుంది. ముదిరిన నారు పిలకలు తక్కువ వేస్తుంది. దిగుబడి తగ్గుతుంది. రెండు ముఠాలు తెస్తే 15 రోజులలో పని ముగుస్తుంది. కాని పక్క బోదె రైతులు కూడా అదే వారంలో అదే రెండో ముఠాను కోరుతారు.

దీనికి పరిష్కారం ఊడ్పుల దగ్గర దొరకదు. ఆకుమడి దగ్గరే వంతు మొదలుకావాలి. చివర నాటవలసినవాడు చివరగా ఆకుమడి పోయాలి. ఆకుమడికి నీరు కావాలి గనుక నీటి వంతు కూడా ఆ క్రమంలోనే ఉండాలి. అంటే తూము, ఆకుమడి, ముఠా అనే మూడింటికీ ఒకే పట్టిక ఉండాలి. సాఫ్ట్‌వేర్ పరిభాషలో ఇది లెవెలింగ్. అయితే సాఫ్ట్‌వేర్ వెనక్కు జరిపేది తెరపై ఒక పట్టీని. ఇక్కడ వెనక్కు జరిగేది ఒక కుటుంబపు పంట. చివరకు జరిగినవాడు తుపానుకు దగ్గరవుతాడు. అతనికి ఆ వరుసను అంగీకరించే కారణం ఉండాలి. వచ్చే ఏడు ముందు వంతు తనదవుతుందన్న నమ్మకమైనా ఉండాలి. వాటాతో ముడిపడని వరుస ఎందుకు నిలవదో ఈ నమూనా తెలుపుతుంది.

మనుషులను పెంచితే కాలం అదే నిష్పత్తిలో తగ్గుతుందనే ఊహను ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో సాఫ్ట్‌వేర్ నిర్మాణ సందర్భంలో ఖండించారు. ఆలస్యమైన పనికి కొత్తవారిని చేర్చితే వారికి నేర్పడం, పరస్పరం సమన్వయపరచుకోవడం అనే పనులు పెరిగి మరింత ఆలస్యమవుతుందని ఆయన వాదం. ఊడ్పులలో ఈ ఇబ్బంది కొంత తక్కువ. వరుసగా వంగి నాటే ముఠాలో కొత్త మనిషి త్వరగానే కలిసిపోతుంది. ఇక్కడి పరిమితి మనుషులను సమన్వయపరచడంలో లేదు. అందరికీ ఒకే వారంలో ఆ మనుషులు కావలసి రావడంలో ఉంది.

6. 2011: పట్టికలు ఢీకొన్న సంవత్సరం

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. నీరుండి, భూమి ఉండి, వరి వేయకుండా వదిలివేయడం దేశం దృష్టిని ఆకర్షించింది. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీని నియమించింది. గిట్టుబాటు ధర లేకపోవడం, పెట్టుబడి పెరగడం, మురుగు కాలువల దుస్థితి, నీటి విడుదలలో జాప్యం, కూలీల కొరత రైతులు చెప్పిన కారణాలలో ముఖ్యమైనవి. ధర సమస్యను తక్కువచేసి చూపడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. గిట్టుబాటు ధర ఉంటే మిగిలిన ఇబ్బందులను రైతు భరించేవాడన్న వాదనలో బలముంది. అయినా మిగిలిన కారణాలలో అధికభాగం కాలానికి సంబంధించినవే. నీరు ఎప్పుడు వస్తుంది, మురుగు ఎప్పటికి దిగుతుంది, కూలి ఎప్పుడు దొరుకుతుంది అన్నవే ఆ ప్రశ్నలు.

కూలీల కొరత విషయంలో రైతుల వేలు ఎక్కువగా ఉపాధి హామీ పథకం వైపు చూపింది. 2005 చట్టం గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పనిని హామీ ఇచ్చింది. ఊడ్పుల రోజులలో ఉపాధి పనులు ఆపాలని, లేదా ఆ పథకాన్ని వ్యవసాయంతో జతచేయాలని రైతులు కోరారు. ఈ కోరికను కూలీ దృష్టితో చూస్తే మరొక ముఖం కనిపిస్తుంది. ఊడ్పులు ఏడాదిలో కొన్ని వారాల పని. ఆ వారాలు తప్ప మిగిలిన కాలమంతా ఆమెకు ఏ పట్టికలోనూ చోటు లేదు. కూలిని బేరమాడగలిగే బలం ఆమెకు మొదటిసారిగా ఉపాధి హామీ ద్వారానే కొంత చేకూరింది. రైతు దీనిని కొరత అన్నాడు. ఆమెకు ఇది ఎంచుకునే వీలు. మోయలేని భారం మోపడం అలవాటైన పట్టికకు, మోయను అనగలిగిన మనిషి ఎదురుకావడమే 2011లో జరిగినదానిలో ఒక భాగం.

ఇక్కడ మూడు పట్టికలున్నాయి. నీటి విడుదల పట్టికను నీటిపారుదల శాఖ, సంఘాలు నిర్ణయిస్తాయి. ఉపాధి పనుల పట్టికను పంచాయతీ, మండల కార్యాలయాలు నిర్ణయిస్తాయి. ఊడ్పు ముఠాల వరుసను మేస్త్రులు, రైతులు మాటలమీద నిర్ణయించుకుంటారు. ఈ మూడూ ఒకే నెలలో, ఒకే ఊరిలో, తరచు అదే మనుషులపై అమలవుతాయి. మూడింటినీ ఒకదానిపై ఒకటి పరచి చూసే బాధ్యత ఏ ఒక్క వేదికకూ అప్పగించబడలేదు.

7. పట్టికలో పేరు ఎవరిది?

1997 చట్టం ఓటుహక్కుకు ఆధారంగా భూమిని తీసుకుంది. నీటి వినియోగానికి సంబంధించినంతవరకు ఇది సహేతుకమే. అయితే మధ్య డెల్టాలో సాగుచేసేవారిలో కౌలుదారులు గణనీయంగా ఉన్నారు. మాటమీద కౌలుచేసేవాడు కాగితంపై రైతు కాడు. భూ అధీకృత సాగుదారుల చట్టం 2011లోనే, పంట విరామం వచ్చిన ఏడాదిలోనే రావడం గమనార్హం. దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఈ చట్టాలు ప్రధానంగా రుణానికీ, బీమాకూ, పరిహారానికీ సంబంధించినవి. తూము దగ్గర నీటి వంతు నిర్ణయించే సమావేశంలో కౌలుదారుకు చోటు కల్పించడం వాటి ప్రధానోద్దేశం కాదు.

కౌలుదారుకే చోటు అరుదైన చోట ఊడ్పు కూలీ ప్రస్తావనే ఉండదు. ఆకుతీతలో, ఊడ్పులలో, కలుపుతీతలో పనిచేసేవారిలో అధికులు స్త్రీలు, భూమిలేని కుటుంబాలవారు. ఆ కుటుంబాలలో దళితులు ఎక్కువ. పట్టికను వారు తయారుచేయరు, పట్టికలో వారి పేరుండదు, అయినా పట్టిక వారిమీదనే ఆధారపడి నడుస్తుంది. 1858 చట్టంలో ‘శ్రామిక వర్గాలు’ అనే మాటకూ, 1997 చట్టంలో ఆ మాట లేకపోవడానికీ మధ్య పోలిక చూడవచ్చు. మొదటిది వారిని ఆజ్ఞాపించడానికి గుర్తించింది. రెండవది వారిని ఆజ్ఞాపించడం మానివేసింది, సంప్రదించడం మాత్రం మొదలుపెట్టలేదు.

యంత్రాలు రావడంతో ఈ ప్రశ్న కాలం చెల్లినదవుతుందనే అభిప్రాయం ఉంది. కోతయంత్రాలు, నాటుయంత్రాలు, వెదజల్లే పద్ధతి శ్రమ అవసరాన్ని తగ్గించిన మాట నిజం. కాని కోతయంత్రం కూడా వంతుకే వస్తుంది. తుపాను హెచ్చరిక వచ్చిన వారంలో అందరూ ఒకే యంత్రం కోసం ఎదురుచూస్తారు. రావులపాలెం అరటి మార్కెట్టులో కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. గెల నరికిన తరువాత ఆగదు. తోటలో నరికే మనిషి, మార్కెట్టులో హమాలీ, బయట లారీ ఒకే దినచర్యలో కలవాలి. మనిషి స్థానంలో యంత్రం వచ్చినా వరుస సమస్య మిగులుతుంది. ముందు వంతు డబ్బున్నవానిదా, అవసరమున్నవానిదా అన్న ప్రశ్న మరింత పదునెక్కుతుంది.

8. పరిభాషపై ఒక సూచన

ప్రణాళికా సాఫ్ట్‌వేర్ల తెలుగీకరణలో ఒక వ్యక్తికి పనిని అప్పగించడానికి సాధారణంగా ‘కేటాయింపు’ అనే మాట వాడుతున్నారు. కేటాయింపు పైనుండి జరిగేది. కేటాయించేవాడు ఒకడు, స్వీకరించేవాడు మరొకడు. వంతు అలాంటిది కాదు. అది పదిమంది మధ్య తేలేది. తన వంతు ఎప్పుడో, తన ముందూ వెనకా ఎవరో ప్రతివారికీ తెలిసి ఉండేది. కాబట్టి పలువురు సమానులుగా పంచుకునే పనికి ‘వంతు’ను, ఆ వంతు పరిమాణానికి ‘వాటా’ను, క్రమానికి ‘వరుస’ను వాడి, పై అధికారి అప్పగించే పనికి మాత్రమే ‘కేటాయింపు’ను పరిమితం చేయడం సముచితం. ఇది కేవలం పదాల ఎంపిక కాదు. ఒకే తెరపై ఈ రెండు మాటలూ వేర్వేరుగా కనిపిస్తే, తనకు వచ్చిన పని పంచుకున్నదో, అప్పగించినదో చదివేవారికి తెలుస్తుంది. విశ్వవిద్యాలయ శాఖల్లో ఉమ్మడి పరిశోధన ప్రాజెక్టులు నడిపే వారికి ఈ తేడా అనుభవంలో ఉన్నదే.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. ఒకటి, ఆనకట్ట, గన్నవరం అక్విడక్టు వంటి నిర్మాణాలలో ఋతువు విధించిన గడువుకు లోబడి వరుసను సమర్థంగా నిర్ణయించిన చరిత్ర ఈ ప్రాంతానికి ఉంది. అక్కడ వాటా ప్రశ్న తలెత్తలేదు. రెండు, నిర్వహణ దశలో 1858 చట్టం నిర్బంధంతోను, 1997 చట్టం సంఘంతోను ఆ ప్రశ్నకు జవాబు వెదికాయి. రెండవది నిస్సందేహంగా మెరుగైనది. అయినా అది నీటి వంతును మాత్రమే చూసింది, మనిషి వంతును వదిలివేసింది. మూడు, 2011 పంట విరామంలో ధరతోపాటు పనిచేసిన కారణం నీరు, ఉపాధి, ఊడ్పు అనే మూడు పట్టికలు ఎక్కడా కలవకపోవడం.

కనుక పంటకాలానికి ముందు జరిగే నీటి సంఘ సమావేశంలో ఆకుమడుల వరుసను, ఊడ్పుల వరుసను, ఉపాధి పనుల తేదీలను ఒకే కాగితంపై వేసి చూడడం, ఆ సమావేశానికి కౌలుదారులను, ఊడ్పు ముఠాల స్త్రీలను పిలవడం ఆచరణసాధ్యమైన మొదటి అడుగు. దానికి కొత్త చట్టం అవసరం లేదు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కూడా అక్కరలేదు. బోదె పొడవునా ఎవరి వంతు ఎప్పుడో అందరి ముందు తేలితే, ఆ పట్టికను నల్లబల్లమీద రాసినా నిలుస్తుంది. తేలకపోతే ఏ తెరమీద గీసినా మొదటి తుపాను హెచ్చరికకే చెదిరిపోతుంది.